ఆ రోజు సిగ్నల్ పోలే

తొండుపల్లి కాడ ఎప్పుడూ ఫోన్ కట్టయితుందని, శంషాబాద్‌ల కారుకు హ్యాండ్స్‌ఫ్రీ కిట్టు, టాపు మీద యాంటెన్నా పెట్టించిన. "ఫోనొస్తే అదే ఎత్తుకుంటది, ఇగ పరేషాన్ లేదన్నా" అన్నడు మెకానిక్.

తెల్లారే మా ఇంట్ల ఒడిబియ్యం పోయించుకోనీకి వచ్చిన అక్కను ఎయిర్‌పోర్టు నుంచి తీస్కొస్తున్న. నా భార్య ఫోన్ చేసింది. అదే ఎత్తుకుంది.

"ఒడిబియ్యంల పెట్టనీకి మీ అక్కకు కొత్త చీరెందుకు? ఎవరో పెట్టిన కనకాంబరం రంగు చీర బీరువాల ఉంది, అదే పెడ్త. ఆమెకేం ఎరుక?"

ఏ బటన్ నొక్కినా సౌండు పెరుగుడే. ఆ డబ్బా పాడుగాను! తొండుపల్లి వచ్చింది, సిగ్నల్ మాత్రం పోలే.

ఎనుక సీట్ల నుంచి అక్క ముందుకు వంగింది.

"అదే పెట్టు మరదలా. మీ గృహప్రవేశానికి నేను పెట్టిన చీరే గదా."