హామీ తుపాకీ మీది అంకె

తుపాకులు తయారుచేసి అమ్మే దర్రా బజారు చరిత్రను ఎవరైనా రాయబూనితే, జర్బాజ్ ఉస్తాద్ తన బొటనవేలిని తొలిసారి నాలుకకు తాకించిన రోజు నుంచి మొదలుపెట్టడం న్యాయం. తుపాకీ మీది ముద్రను తడివేలితో రుద్ది చూడనిదే ఆయన ఎవరి మాటా నమ్మడు. నలభై ఏళ్లలో తెల్లదొరల తుపాకుల మీదుండే కిరీటం ముద్రల నకళ్లు స్వయంగా చాలానే చెక్కినవాడు కాబట్టి, కిరీటాలంటే మరీ అనుమానం. తమ్ముడి పెళ్లిలో పెళ్లికొడుకును కూడా ఒకసారి తేరిపార చూశాడంటారు.

ఒక శుక్రవారం హాజీ మీర్దాద్ ఇంటి నుంచి ఉస్తాద్‌కు కబురొచ్చింది. కాలువ నీటి తగవులో పెద్దల జిర్గా చెప్పే తీర్పుకు కట్టుబడతామని నేకం గుల్, సర్బులంద్ చెరో తుపాకీ హాజీ దగ్గర హామీ ఉంచారు. తీర్పయింది. హాజీ ఎవరిది వారికి తిరిగిచ్చాడు. నేకం గుల్ మాత్రం ముట్టనన్నాడు.

"మా తాత తుపాకీ అంకె నాకు నోటికొచ్చు, ఉస్తాద్. తూటా ఎక్కించే బోల్టు మీద అది లేదు. మార్చేశారు!"

హాజీ ఖావా టీ గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. ఈ మాట నిలిస్తే ఇక ఆయన గడపలో హామీల మాట అటుంచి, ఎవడూ చెప్పులు కూడా విడవడు.

ఉస్తాద్ వేలు తడిపాడు. గొట్టం మీద పాత అంకెను గీతతో కొట్టేసి, కింద కొత్తది వేసి ఉంది.

"పటాలం వద్దనుకున్నాక బాగుచేసి అమ్మిన సరుకు. నువ్వు చెప్పే అంకె గొట్టం మీది ఈ కొత్తదే, బోల్టు మీదా అదే ఉండాలి. గొట్టం నీదే, బోల్టు నీది కాదు."

"విన్నారా!"

"అరవకు, ఇంకా అవలేదు. సర్బులంద్, నీదిలా ఇవ్వు."

"ఎందుకు? నీ చేతికిస్తే ఇంకేం మారిపోతుందో!"

"మార్చుకునేంత మంచిదైతే ఎప్పుడో మార్చేవాణ్ణి. ఇటివ్వవయ్యా!"

నేకం గుల్ చెప్పిన అంకె ఉన్న బోల్టు అందులో ఉంది.

"దొంగ!" అన్నాడు నేకం గుల్.

"నా బోల్టు నీ తుపాకీలో పెట్టుకుని నన్నంటావేంట్రా?"

ఇద్దరూ లేచారు. ఉస్తాద్ చూపు మెల్లగా హాజీ వైపు తిరిగింది.

"వీటిని ఎవరు ముట్టుకున్నారు, హాజీ సాహెబ్?"

హాజీ ఖావా గిన్నె కింద పెట్టాడు. "నేనే. హామీ సొత్తు దుమ్ముతో ఇవ్వడం మర్యాద కాదని, రెండిటినీ విప్పి ఒకే దుప్పటి మీద పరిచి తుడిచాను. అంకెలు నాకు కనబడక మూడేళ్లయింది."

"ముందే చెప్పొచ్చుగా, కాకా!" అన్నాడు నేకం గుల్.

"దొంగతనం గురించే అడిగావు. కళ్ల గురించి అడగలేదు."

ఉస్తాద్ బోల్టులు రెండూ తీసి అటుదిటు, ఇటుదటు పెట్టాడు. అర నిమిషం పట్టింది.