ఒక్క బొటనవేలితో ‘ళ’

నాపరాళ్ల డిపోలో లారీకి లోడు ఎత్తుతుండగా ఫోను వచ్చింది. “అన్నా, అమ్మ లేదన్నా” అంది చెల్లి. డ్రైవరు చీటీ కోసం చెయ్యి చాచి నిలబడితే, లారీ నంబరు రాయాల్సిన చోట తేదీ రాసిచ్చాను. అతను చూసుకుని, నా మొహం చూసి, తనే దిద్దుకున్నాడు.

చెల్లి అన్నానే గాని మాకు చుట్టరికం లేదు. దాచేపల్లిలో మా వీధి చివర వాళ్లమ్మ టైపు ఇన్‌స్టిట్యూటు నడిపేది. టైపు మిషన్లు మూలబడ్డాక అదే గదిలో కంప్యూటరు పెట్టి పెళ్లికార్డులు, కరపత్రాలు కొట్టి అచ్చుకు పంపేది. వీధి మొత్తానికీ ఆవిడ పిన్ని. నాకూ పిన్నే.

నేను బడి మధ్యలో మానేసినవాణ్ని. డిపోలో లెక్కలు రాసే పని దొరికాక, టైపు నేర్పమని అడగాలని ఆ గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చేవాణ్ని. చివరికి పిన్నే పిలిచింది. “లోపలికి రారా. మాటలు కూడా ఖర్చు కింద రాస్తావేందిరా నువ్వు?”

నేర్పేటప్పుడు నా చేతుల మీద తువ్వాలు కప్పేది. “చూడమాక. వేలికి తెలుసు” అనేది. సిమెంటు లారీలు లేపిన దుమ్ము మీటల సందుల్లో చేరుతుందని, రోజూ పొద్దున పాత పెయింటు బ్రష్షుతో దులిపాకే కుర్చీలో కూర్చునేది.

తర్వాత ఆవిడ మూత్రపిండాలు పాడయ్యాయి. డయాలసిస్‌కి నరసరావుపేట బస్సెక్కి పోయి రావడంతోనే వారంలో సగం అయిపోయేది. డిపో పని ముగిశాక సాయంత్రాలు నేను షాపు తెరిచి ఉంచేవాణ్ని. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున కూడా పిన్ని ఇంటికి పోకుండా ముందు అక్కడికే వచ్చేది. “మంచం మీద పడుకోబెట్టి ఎడమ చెయ్యి మిషనుకిచ్చేశారు. కుడిచెయ్యి ఊరికే ఉంటందిరా. దాంతో ఏం చెయ్యను, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టనా?”

“ఫోనుందిగా పిన్నీ” అన్నాను.

“గాజు మీద కొడితే కొట్టినట్టు వేలికి తెలవదు.”

ఆ మంచం మీదే ఏదో వీడియోలో చూసింది, అరచేతిలో పట్టే కంప్యూటరు. ఫోను కాదు. లైనక్స్ అనే సాఫ్ట్‌వేరుతో నడుస్తుంది. కింది సగమంతా చిన్న చిన్న మీటలు, నొక్కితే దిగే నిజమైన మీటలు. అది దొరికితే పెళ్లికార్డులు ఆసుపత్రిలోనే కొట్టుకోవచ్చని ఆవిడ ఆశ. కొనేముందు దాని సాఫ్ట్‌వేరును మామూలు కంప్యూటరులోనే నడిపి చూసుకునే వీలు తయారుచేసినవాళ్లే కల్పించారు. అలా నడిపించే ప్రోగ్రాముకి పెద్ద పేరే ఉంది. పిన్ని మాత్రం దాన్ని ఉత్తుత్తి సెట్టు అంది. చిన్నపిల్లలు ఉత్తుత్తి అన్నం వండినట్టు.

దాన్ని కంప్యూటరులోకి ఎక్కించడం నాకు ఎవరూ నేర్పలేదు. చదువుకుంటూ, తప్పులు చేసుకుంటూ పోయాను. కొన్ని సాయంత్రాలు నల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. పిన్ని పక్కన కూర్చుని నాకు నిండు గ్లాసు టీ పోసేది. ఆవిడకు డాక్టరు నీళ్లు కూడా కొలిచి తాగమన్నాడు. సీసా మూతలో పోసుకుని చప్పరించేది. “నువ్వు తాగు, నే చూస్తా” అనేది.

ఒకరోజు తెర మధ్యలో చిన్న కిటికీలా సెట్టు లేచింది. పిన్ని తన అరచెయ్యి దానికి ఆనించి చూసుకుని, “సరిగ్గా అంతే” అంది. కిటికీ మూలలో బ్యాటరీ గుర్తు ఎప్పుడూ నిండుగానే ఉండేది. “దీనికి డయాలసిస్ అక్కర్లేదు” అంది.

పరీక్ష మాత్రం గట్టిగా పెట్టింది. ఆసుపత్రిలో ఎలా ఉంటుందో అలాగే కొట్టాలి. ఎడమ చెయ్యి బల్ల మీద చాచి కదలకుండా ఉంచాలి. కుడిచేతి బొటనవేలు ఒక్కటే వాడాలి. ముందు నన్ను కూర్చోబెట్టింది. కార్డులు తీసుకోవడానికి వచ్చిన రైతు ఒకాయన చూసి, “ఏందయ్యా, చెయ్యి పడిపోయిందా?” అన్నాడు.

“పడిపోలేదులే బాబాయ్. నా బదులు సూది పొడిపిచ్చుకుంటన్నాడు” అంది పిన్ని.

చిక్కు అక్కడే తేలింది. మామూలుగా ఒక మీట నొక్కితే ‘ల’ వస్తుంది. ‘ళ’ రావాలంటే షిఫ్టు మీట పట్టుకుని ఉండగా దాన్ని నొక్కాలి. పట్టుకోవడానికి రెండో చెయ్యేది? తెర మీద ‘పెల్లి’ అనే వచ్చింది. పిన్ని చాలాసేపు నవ్వింది. “ఇట్టాంటి కార్డేస్తే ఆ కాపురం ఏమయిద్దిరా?” తర్వాత నవ్వు ఆపి తన కుడిచేతిని చూసుకుంది. “అయితే వద్దులే” అంది. అంత మెల్లగా ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఆ సెట్టు అమరికలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాను. షిఫ్టును పట్టుకోనక్కర్లేకుండా, ఒకసారి నొక్కి వదిలితే తర్వాతి అక్షరం వచ్చేదాకా కాచుకుని ఉండే ఏర్పాటు ఒకచోట దొరికింది. అలా కాచుకున్నంతసేపూ కిటికీ పైన చిన్న బాణం గుర్తు వెలుగుతుంది. పిన్ని వచ్చాక కుర్చీ ఆవిడ వైపు తిప్పాను. ఎడమ చెయ్యి బల్ల మీద చాచింది. కళ్లు మూసుకుంది. ‘పె’ కొట్టింది. షిఫ్టు నొక్కి వదిలింది. తర్వాతి మీటలు నొక్కి కళ్లు తెరిచింది.

పెళ్లి.

“వేలికి తెలుసు” అంది. ఆ రోజే సెట్టు కోసం పేరు నమోదు చేయించింది. తర్వాతి విడతలో పంపుతామన్నారు. వచ్చేదాకా ఉత్తుత్తి సెట్టు మీదే సాధన చేసేది. చేతిలో ఏమీ లేకపోయినా పట్టుకున్నట్టే వేళ్లు వంచి, గాలిలో బొటనవేలు ఆడించేది. బస్సులో కూడా అలాగే చేస్తుందని చెల్లి చెప్పేది. “జనం చూస్తన్నారమ్మా” అంటే, “చూడనియ్యే, నేర్చుకుంటారు” అనేదట.

ఆఖరి సాయంత్రం ఒక కార్డు మొదలుపెట్టింది. మొదటి మాట పూర్తికాకుండానే ఆయాసం వచ్చింది. చెల్లి ఆటో పిలుచుకొచ్చింది. గుమ్మం దాటుతూ పిన్ని వెనక్కి తిరిగి, “దాన్నట్టానే ఆపరా. వచ్చి కొడతా” అంది.

అట్లాగే ఆపాను. ఆ సెట్టు ఎక్కడ ఆపితే మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది. పిన్ని పేరు నమోదు చేయించిన అసలు సెట్టు ఇంకా రాలేదు. వద్దని వాళ్లకు నేను రాయలేదు.

ఇప్పుడూ పొద్దున డిపోకి పోయేముందు షాపు తెరుస్తాను. బ్రష్షుతో మీటలు దులుపుతాను. కంప్యూటరు ఆన్ చేస్తే తెర మధ్యలో అరచేయంత కిటికీ లేస్తుంది. అందులో ‘పె’ అని ఉంటుంది. పైన బాణం గుర్తు వెలుగుతూ ఉంటుంది, తర్వాతి అక్షరం కోసం.