ఫైరింజను అర్జీ కింద నా సంతకం

తాండూరుకు మోటారు ఫైరింజను కావాలని సర్కారుకు పెట్టిన మొదటి అర్జీ నా చేతిరాతతోనే వెళ్ళింది. అది తిరిగొచ్చింది కూడా నా చేతివల్లనే. మొదటి మాట మా ఇంట్లో అందరికీ తెలుసు.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. మా మామగారు తాండూరు దగ్గరి మా ఊరికి సర్పంచి. ఆయన చదువంతా ఉర్దూలో సాగింది. తెలుగు కాగితం చేతికిస్తే కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చునేవారు. నేను బడి గడప తొక్కలేదు కానీ, మా నాయన ఇంట్లోనే కూర్చోబెట్టి దేవుడి పద్యాలు చదివించి, అర్జీలు, పత్రాలు రాయడం నేర్పాడు. అది ఆయన నాకు పెట్టిన భిక్ష. పొద్దున దీపం వెలిగించేటప్పుడు ఇప్పటికీ ముందు ఆయననే తలుచుకుంటాను.

మా ఊళ్ళో కలిగినవాళ్ళ ఇళ్ళకు నాపరాళ్ళ కప్పు. ఊరవతల వాడలో గుడిసెలకు గడ్డి, జొన్న చొప్ప. అందుకే ఎండాకాలం అగ్గి ఎప్పుడు పుట్టినా అక్కడే. ఆ ఏడు తొమ్మిది గుడిసెలు కాలిపోయాయి. అప్పటికి తాండూరులో ఉన్నది ఎడ్లబండి మీద బిగించిన చేతిపంపు. అది మా ఊరు చేరేసరికి బూడిద మీద చల్లడానికే నీళ్ళు పనికొచ్చాయి. ఇంజను కొనడానికి గ్రాంటు ఉందని, ఇళ్ళు కాలినవాళ్ళ వేలిముద్రలతో అర్జీ పెడితే ఆ ఏటి జాబితాలో ఎక్కిస్తామని సమితి ఆఫీసులో చెప్పారు.

"బిడ్డా, రాత నీదే. ఏలిముద్రలు గూడ నువ్వే తీయి. శనివారం గుమస్తా వస్తడు, కాగితం చేతిల వెట్టాలె" అన్నారు మామగారు.

అది శ్రావణ శనివారం. అనంతగిరి స్వామికి మొక్కుకుని నేను ఉపవాసం ఉండేదాన్ని. పొద్దున తలస్నానం చేశాక పూజ అయ్యేదాకా ఎవరినీ తాకకూడదు. అది అత్తగారు పెట్టిన నియమం అని చెప్పి తప్పించుకోను. నాకూ అది ఇష్టమైన నియమమే.

మగవాళ్ళు బండల గనుల్లో పనికి పోయారు. వాడ నుంచి తొమ్మిదిమంది ఆడవాళ్ళు వచ్చి మా వాకిట్లో నిలబడ్డారు. అందరికంటే ముందున్నది మా చేలల్లో కలుపుకు, కంది కోతకు కూలీలను పిలుచుకొచ్చే పెద్దామె.

"దొరసానీ, మల్ల ఎండకాలానికి బండొస్తదా?" అని అడిగింది. "నా బిడ్డ కాన్పుకొస్తది. మల్ల గా గడ్డి కిందనే పండవెట్టాలె."

"వస్తది. దేవుని దయ" అన్నాను.

వేలిముద్ర ఎలా తీయాలో మా నాయన నాకు నేర్పాడు. వేలు మనమే పట్టుకోవాలి. సిరా మీద ఒకసారి, కాగితం మీద ఒకసారి, ఈ అంచు నుంచి ఆ అంచుకు దొర్లించాలి. వాళ్ళను నొక్కనిస్తే అలుక్కుపోతుంది. ఇదంతా తెలిసీ నేను సిరాపెట్టెను అరుగు అంచున పెట్టాను. కాగితానికి నాలుగు పక్కలా గులకరాళ్ళు పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాను.

"మీరే అద్దుండ్రి" అన్నాను.

"గిది నా ఏలా, కాకి రెట్టనా?" అని ఒకామె నవ్వింది.

"నీ మొగని మొకం గూడ గట్లనే ఉంటది గదనే!" అంది వెనక నుంచి ఇంకొకామె. అందరూ పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

పెద్దామె మాత్రం నవ్వలేదు. తన బొటనవేలు చూసుకుని, తర్వాత నా చేతుల వైపు చూసింది. "జర నువ్వు పట్టుకొని వెట్టియ్యరాదు దొరసానీ? నాకు చెయ్యి వణుకుతది."

"ఏం గాదు, వెట్టు."

పెట్టింది. నల్లటి మరక పడింది. తొమ్మిది మరకల కింద 'నా యెదుట తీయించిన ముద్రలు' అని గుండ్రంగా రాసి సంతకం చేశాను. తర్వాత లోపలికి వెళ్ళి పూజలో కూర్చుని, ఫైరింజను రావాలని స్వామిని వేడుకున్నాను.

కార్తీకంలో కాగితం తిరిగొచ్చింది. ముద్రల్లో గీతలు కనబడడం లేదట, మళ్ళీ తీయించి పంపాలట. ఆ ఏటి జాబితా మూసేశారు. ఇంజను ఇంకో తాలూకాకు పోయింది.

మామగారు ఆ ఆడవాళ్ళను పిలిపించి వాకిట్లో నిలబెట్టారు.

"ఏలు వెట్టుడు గూడ చాతగాదానే మీకు? బంగారమసొంటి అర్జీ కరాబు జేస్తిరి గద!"

పెద్దామె ఒక్కసారి నా వైపు చూసింది. నేను గడప దగ్గర చేటతో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. తల వంచుకుని ఏరుతూనే ఉన్నాను. ఆ బియ్యంలో రాళ్ళు లేవు.

ఆ ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వాడ మళ్ళీ అంటుకుంది. పెద్దామె కూతురు పచ్చి బాలింత. తల్లినీ బిడ్డనూ పెద్దామె బయటికి లాగింది. ఇద్దరూ క్షేమం, ఆ దయకు దేవుడికి ఎన్ని దండాలు పెట్టినా తీరదు. కానీ ఊయల తాడు తెంపబోయి ఆమె కుడిచెయ్యి కాలింది. ఎడ్లబండి పంపు యథాప్రకారం బూడిద దగ్గరికి వచ్చింది.

రెండో అర్జీకి వాళ్ళను మా వాకిట్లోకి పిలవలేదు. సిరాపెట్టె పట్టుకుని నేనే వాడకు వెళ్ళాను. పెద్దామె కొత్త గుడిసె ముందు కింద కూర్చుని ఆమె కుడి బొటనవేలు పట్టుకున్నాను. మానిన చర్మం గాజులా నున్నగా ఉంది. మెల్లగా దొర్లించాను. కాగితం మీద ఒక్క గీత కూడా రాలేదు.

నాకు ఏడుపొచ్చింది. "పోయినపారి తప్పు నాదే. పట్టుకొని తీయాలని నాకెరుకే. ముట్టుకోవద్దని పట్టుకోలే."

"నాకెరుక లేదనుకున్నవా దొరసానీ? తొమ్మిదిమందికీ ఎరుకే."

"మరి మా మామ తిడుతుంటే చెప్పకపోతివి?"

"నువ్వు ఆడనే ఉంటివి గద" అంది. ఆ మాటలో కోపం లేదు. ఎడమచెయ్యి చాపింది. "గిది మంచిగున్నది. ఈపారి గట్టిగ పట్టుకో."

ఆ ముద్రలో ప్రతి గీతా పడింది. మరుసటి ఏడు ఎర్రటి ఇంజను తాండూరుకు వచ్చింది. బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టినరోజు మామగారు నలుగురిలో, "రెండుపార్లు అర్జీ రాసింది మా కోడలే. మొదటిపారి గా ఆడోళ్ళు కరాబు జేసిండ్రు గని, లేకుంటె ఎప్పుడో వచ్చేది" అన్నారు. అందరూ నా వైపు మెచ్చుకోలుగా చూశారు. పెద్దామె గుంపు వెనక మనవణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది.

దీపం వెలిగించేటప్పుడు నాయన తర్వాత ఆమెనూ తలుచుకుంటాను, ఆ ఎడమచెయ్యి నాకు ఇచ్చినందుకు. కానీ నా తప్పు నేను ఒప్పుకున్నది వాడలో, అందరికీ ముందే తెలిసినచోట. చెప్పవలసింది మా వాకిట్లో. మామగారు ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికారు. ఫైరింజను మాట వచ్చినప్పుడల్లా ఆ తొమ్మిదిమందినీ ఒక మాట అనేవారు. నేను మజ్జిగ గ్లాసు ఆయన చేతికిచ్చి లోపలికి పోయేదాన్ని.