ఆపా ఐకాన్

హనుమకొండలో మా పెళ్లికార్డుల షాపులో కంప్యూటర్ ఒక్కటే. టైప్ చేసేవాళ్లం ఇద్దరం, నేనూ ఆపా. ఆమె తొర్రూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్దది, అందుకే ఉర్దూలో అక్క అన్నట్టు ఆపా అనేదాన్ని.

డెస్క్‌టాప్ మీద టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కు రెండు ఐకాన్లు ఉండేవి. సాఫ్ట్‌వేర్ ఒకటే. ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో టార్గెట్ అన్న గడిలో సాఫ్ట్‌వేర్ పేరు తర్వాత ఆపా ఒక లైను రాసింది. అందులో ఎవరి ఫోల్డర్ పేరు ఉంటే వాళ్ల సెట్టింగులతో తెరుచుకుంటుంది. తన ఐకాన్‌లో ఇంకో మాట కూడా చేర్చింది. దాంతో సాఫ్ట్‌వేర్ మొదలయ్యేటప్పుడు వచ్చే కంపెనీ బొమ్మ రాదు.

"ఆ బొమ్మ చూసుకుంట కూసుంటే ఒక లైను కొట్టొచ్చు చెల్లె," అనేది.

ఆమె ఫోల్డర్‌లో నాలుగేళ్లుగా పోగేసిన పొట్టి మాటలు ఉండేవి. "బంస" అని కొట్టి స్పేస్ నొక్కితే "బంధుమిత్ర సపరివార సమేతంగా విచ్చేసి వధూవరులను ఆశీర్వదించగలరని ప్రార్థన" అని మొత్తం వచ్చేది. పెళ్లికి, నిఖాకు, గృహప్రవేశానికి, దినకర్మకు వేరువేరుగా కట్టుకుంది. నా ఫోల్డర్‌లో ఏమీ లేవు. నేను ఫోన్ చూసుకునేదాన్ని.

ఒకసారి పెళ్లికొడుకు తండ్రి పేరు తప్పుగా అచ్చయి ఐదు వందల కార్డులు వాపసు వచ్చాయి. ప్రూఫ్ చదివింది నేను, ఒక కన్ను ఫోన్ మీద పెట్టి. షాపు సేటు అడిగేసరికి నాకు కోపం నెత్తికెక్కింది. "ఊర్ల నుంచి వచ్చినోళ్లకు పని ఇస్తే ఇట్లనే ఉంటది," అన్నాను, ఆపా వినేటట్టు. ఆమె ఆ నెలాఖరుకే తొర్రూరులో ఒక బడి ఆఫీసులో పని చూసుకుని వెళ్లిపోయింది.

వెళ్లాక నేను ఆమె ఐకానే తెరిచేదాన్ని. అక్షరాలు పెద్దగా కనిపించేవి, ఆమె కళ్లకు సరిపోయేటట్టు. "బంస" కొట్టిన ప్రతిసారీ ఆమె పక్క కుర్చీలో ఉండి అందించినట్టే ఉండేది. ఆరు నెలలు అట్లా గడిచాయి. ఫోన్ ఎప్పుడూ చేతిలోనే ఉండేది. ఆమెకు మెసేజ్ రాసేదాన్ని, చెరిపేసేదాన్ని.

మొన్న సేటు ఆమె ఐకాన్‌లో ఏదో తెరిచి, దాన్ని మూయొద్దని చెప్పి పక్కకు వెళ్లినప్పుడు నా ఐకాన్ నొక్కాను. తెరుచుకోకుండా ఇరుక్కుపోయింది. యూట్యూబ్ చూస్తే, టార్గెట్ లైను చివర రెండు గీతలు పెట్టి సేఫ్ మోడ్ అని రాసి తెరవమన్నారు. కొత్తగా లైను కొట్టే ఓపిక లేక, సేటు వచ్చి తనది మూసేశాక, అలవాటుకొద్దీ ఆపా ఐకాన్‌నే కాపీ చేసి చివర ఆ మాట తగిలించాను. తెర మీద ఒక చిన్న కిటికీ వచ్చింది. సెట్టింగులన్నీ మొదటికి తెమ్మని నొక్కాను. లైను మధ్యలో ఉన్న ఆపా ఫోల్డర్ పేరును నాదిగా మార్చనే లేదు.

తర్వాత ఆపా ఐకాన్ తెరిచాను. కంపెనీ బొమ్మ రాలేదు, ఆ మాట ఐకాన్ మీదే ఉంది కాబట్టి. కానీ అక్షరాలు చిన్నగా అయిపోయాయి. "బంస" అని కొట్టాను. అది "బంస"గానే ఉండిపోయింది.

ఈసారి మెసేజ్ రాయలేదు. ఫోన్ చేశాను.

"చెప్పు," అంది.

జరిగింది చెప్పాను.

"నీది ఇడిసిపెట్టి నాదెందుకు తెరిసినవే?"

"నువ్వు పోయిన కాడ్నుంచి నీదే తెరుస్తాన ఆపా."

ఫోన్‌లో వెనక బడి పిల్లల గోల.

"ఆ కార్డుల తప్పు నాదే. ఫోన్ చూసుకుంట సదివిన. నిన్నన్న మాట గూడ తప్పే. సేటుకు ఇయ్యాలనే చెప్త."

"నాకు ఎరుకే. నువ్వు ఫోన్ ఇడిసి కార్డు ఏనాడు సదివినవ్ గనక. ఇంతకాలం ఏం జేసినవ్ మరి?" అంది.

"భయమైంది."

"నీకా? మంచిగుంది." నవ్విందో లేదో తెలియలేదు. "ఆ పొట్టి మాటలు చెప్త, రాసుకో. నీ ఫోల్డర్‌ల పెట్టు. నేనిగ అటు రాను, నాది తీసెయ్."

నాదింకా తెరుచుకోవడం లేదని చెప్పలేదు. కొత్త ఫోల్డర్ పేరుతో ఒక ఐకాన్ చేసి తెరిచాను. ఆమె ఒక్కొక్కటీ చెబుతుంటే కొట్టాను. గుర్తు రానివి వదిలేసింది. పదహారోదానికి ఆగి, "వచ్చిందా?" అంది.

వచ్చింది. తెర మీద సరిగ్గా ఉంది.

"రాలేదు ఆపా," అన్నాను. "జర మల్లొకసారి చెప్పవా."

ఆమె మళ్లీ మొదటి నుంచి మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.