తప్పు గదిది

ఆయన ఏ గదిలో అడుగుపెట్టినా ముందు ఒక చప్పట కొడతాడు. ఠాప్! ఒక్కటే. తర్వాత తల కాస్త పక్కకి వాల్చి, ఎవరో జవాబు చెప్పాల్సి ఉన్నట్టు ఎదురుచూస్తాడు. పెళ్ళైన కొత్తలో అత్తారింట్లోనూ ఇదే పని చేస్తే, మామగారు ఉలిక్కిపడి, "ఏం బాబూ, దోమా?" అన్నారు.

"కాదండీ. మీ గది కొంచెం వాగుడుకాయ."

ఒకసారి ఎవరో పోతే పలకరించడానికి వెళ్ళి, అక్కడా ఒక చప్పట కొట్టి, పోయినాయన ఫొటో వైపు చెవి రిక్కించాడు. ఆ ఇంటి ఆడవాళ్ళు ఏడుపు మానేసి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఆ రోజునుంచీ వీధిలో ఆయన పేరు చప్పట్లాయన. వృత్తి పరుపులు కుట్టడం. ఆయన భార్య ఒక ఆఫీసులో స్టెనో. ఆఫీసరు నోటిమాట కిందపడకుండా కాగితం మీద పట్టడం ఆవిడ ఉద్యోగం. అందుకని వీధికి ఆవిడ స్టెనోగారు.

ఇరవై ఆరేళ్ళ కాపురంలో స్టెనోగారు ఆ చప్పటకి అలవాటు పడింది. ఈమధ్య ఆవిడని భయపెడుతున్నది జవాబు. వాళ్ళ మధ్యగది ఎత్తు ఎక్కువ, నేలంతా నున్నటి బండలు, సామాను తక్కువ. అందులో నిలబడి ఏమన్నా అంటే, తన వెనకే ఇంకో గొంతు అదే మాటని నెమ్మదిగా అనేది. వెనక్కి తిరిగితే గోడ. అంతకంటే దారుణం, ఆ గొంతు ఆఫీసుకీ వచ్చింది. ఆఫీసరు చెప్పే ప్రతి మాట వెనకా ఒక నీడలాంటి మాట వచ్చి, తర్వాతి మాటని తొక్కేస్తోంది. అడిగిందే అడుగుతుంటే ఆయన విసుక్కున్నాడు. చివరికి నెల గడువిచ్చి, స్పీడు పరీక్ష పెడతానన్నాడు. తప్పితే కింద పాత ఫైళ్ళ గదికి మార్చేస్తారు. అక్కడ మాట్లాడేవాళ్ళు ఉండరు, రాసుకోవడానికి ఏమీ ఉండదు. ఈ సంగతి ఆవిడ ఇంట్లో చెప్పలేదు. చెప్పాలంటే, తనకేదో పట్టిందని ఒప్పుకోవాలి.

సరిగ్గా ఆ వారమే చప్పట్లాయన ప్రకటించాడు. "మధ్యగదిని పాటలు వినే గదిగా మార్చేస్తున్నా."

"డబ్బులెక్కడివండీ?"

"డబ్బులెందుకే? దూది ఉందిగా. మోతని అదే మింగేస్తుంది."

పరుపు తిరగకుట్టేటప్పుడు పనికిరాని పాత దూది తీసి పారేస్తారు. ఆయన దాన్ని మూటలు కట్టి తెచ్చుకున్నాడు. విరిగిన మంచాల చెక్కలతో మనిషెత్తు చట్రాలు బిగించి, వాటినిండా ఆ దూది కూరాడు. ఎవరెవరో ముప్పై ఏళ్ళు పడుకుని కలలు కన్న దూది అది. పైన పాత దుప్పట్లు చుట్టాడు. అన్నీ తెల్లవే. రోజు విడిచి రోజు, చీకటి పడేవేళకి, రిక్షాబండి మీద ఒక్కొక్కటీ దుకాణం నుంచి ఇంటికి వచ్చేది. ముందు ఆయన, వెనక బండివాడు, మధ్యలో తెల్లగుడ్డ చుట్టిన ఆరడుగుల ఆకారం. పక్కింటి కుట్టుమిషన్ పిన్నిగారు మొదటిదాన్ని చూసి తలుపేసుకుంది. మూడోది వచ్చేసరికి పాటల గది సంగతి తెలిసి, ధైర్యం చేసి కిటికీలోంచి అడిగింది.

"గోడలకి గుడ్ల అట్టలు అంటిస్తే చాలటగా అన్నయ్యగారూ?"

"గుడ్లకి చాలమ్మా."

ఏది ఎక్కడ నిలబెట్టాలో తేల్చడానికి ఇంకో తంతు. చాన్నాళ్ళుగా మూలన పడున్న రికార్డు ప్లేయరుని బయటికి తీసి, దాని ఎదురుగా కుర్చీలో ఆయన కూర్చునేవాడు. స్టెనోగారు అద్దం పట్టుకుని గోడ వెంబడి జరగాలి. అద్దంలో ప్లేయరు పెట్టె కనిపించిన చోటే శబ్దం గోడకి కొట్టుకుని తిరిగొస్తుందట. అక్కడో చట్రం, గోడకి జానెడు ఎడంగా. "జరుగు... ఇంకాస్త... ఆగు!" అన్నప్పుడు ఆవిడ అద్దంలోకి చూసింది. తన భుజం వెనక తెల్లటి మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. అద్దం పగలకపోవడం ఆ రోజు జరిగిన ఒకే ఒక్క మంచిపని.

"అది నిన్న పెట్టిన మూడోదే," అన్నాడాయన తాపీగా.

పాట మాత్రం పెట్టనిచ్చేవాడు కాదు. గది పూర్తిగా తయారయ్యాకే పాట, అంతవరకూ ప్లేయరు ముట్టుకోకూడదన్నాడు. బదులుగా రోజూ సాయంత్రం ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, తను ప్లేయరు దగ్గర నిలబడి పేపరు చదివేవాడు. ఆవిడ షార్ట్‌హ్యాండులో రాయాలి. గది ఎక్కడెక్కడ మాట మింగుతోందో తెలియాలంటే అదే దారి అన్నాడు. మొదటిరోజు ఇరవై మూడు మాటలు జారిపోయాయి. ఆవిడ పెన్సిలు కింద పెట్టేసింది.

"తప్పు నీది కాదే," అన్నాడు. "తప్పు గదిది."

నాలుగో చట్రానికి తప్పులు పదకొండయ్యాయి. ఆరోదానికి నాలుగు. "తప్పు గదిది, తప్పు గదిది," అంటూ ఆయన చప్పట కొట్టి తల వాల్చేవాడు. ఆ రెండో గొంతు రోజురోజుకీ చిక్కిపోయింది. ఎనిమిదో చట్రం వచ్చిన రోజున పూర్తిగా ఆగిపోయింది.

ఆగిపోయాక స్టెనోగారికి అసలు భయం మొదలైంది. ఆ గదిలో ఇప్పుడు తన గాజుల చప్పుడు, గుటక చప్పుడు, గుండె చప్పుడు వినిపిస్తున్నాయి. గోడల వెంట తెల్లగా ఎనిమిదిమంది నిలబడి వింటున్నారు. ఆ గొంతు పోలేదని, ఊపిరి బిగబట్టి పొంచి ఉందని ఆవిడకి అనిపించింది.

తెల్లారితే పరీక్ష అనగా, ఆదివారం మధ్యాహ్నం ఆయన బజారుకెళ్ళినప్పుడు, ఇక ఉండబట్టలేక రికార్డు పెట్టింది. నల్లటి పళ్ళెం తిరిగింది. ప్లేయరు చెయ్యి వచ్చి దానిమీద వాలింది. శబ్దం లేదు. బటన్లు తిప్పింది. లేదు. రికార్డు తిరుగుతూనే ఉంది, ఎనిమిదిమందీ చూస్తూనే ఉన్నారు. చెవులు పూర్తిగా పోయాయా, లేక గది పాటని తినేసిందా? "ఏమండీ!" అని అరిచింది. తన అరుపు మాత్రం శుభ్రంగా వినపడింది.

అప్పుడు ఆ చెయ్యి పైకెత్తి కింద చూసింది. పాట పలికించే ముల్లు లేదు.

గుమ్మంలో ఠాప్‌మని చప్పట. కూరల సంచితో ఆయన నిలబడి ఉన్నాడు, దొరికిపోయిన దొంగలా.

"దీనికి ముల్లేదండీ?"

"విరిగి రెండేళ్ళయింది."

"మరి ఈ గది ఎవరికి?"

ఆయన సంచి కింద పెట్టాడు. "రెండు నెలల కింద నీకు గొడుగిద్దామని ఆఫీసుకొచ్చా చూడు. నీ ఆఫీసరు గదిలో అలవాటుకొద్దీ చప్పట కొట్టా. అబ్బ, ఏం గదే అది! నూతిలో చెంబు పడ్డట్టు మోగింది. నువ్వేమో ఆయన మాట కోసం కుర్చీ అంచుకొచ్చి, మెడ చాచి కూర్చున్నావు. నీ చెవి కాస్త మందగించిందే. గోల గదిలో మాట పట్టుకోలేకపోతున్నావు, అంతే. నీకేమీ పట్టలేదు."

"ఆ మాట నాతో చెప్పొచ్చుగా?"

"చెవుడొచ్చిందంటే ఊరుకునేదానివా? పరుపుతో సహా నన్నూ కుట్టేసేదానివి."

స్టెనోగారికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. రెండూ ఆ గదిలో చాలా స్పష్టంగా వినిపించాయి. అప్పుడు పరీక్ష సంగతి చెప్పింది. ఆయన తల వాల్చి అంతా విని, రిక్షాబండివాడి కోసం పరిగెత్తాడు.

సోమవారం పొద్దున్న ఆఫీసు గేటులోకి తెల్లగుడ్డలు చుట్టిన ఎనిమిది ఆకారాలు వరసగా వచ్చాయి. వాచ్‌మన్ టోపీ తీసి గుండెలకి హత్తుకున్నాడు. "ఒకే ఇంట్లోవాళ్ళా అమ్మా?" అనడిగాడు నీరసంగా.

"ఆఁ, మా ఇంట్లోవాళ్ళే," అంది స్టెనోగారు.

అవి తన గది గోడల వెంట నిలబడి ఉండటం చూసి ఆఫీసరు మండిపడ్డాడు. ఆవిడ బెదరలేదు. "సార్, నా చెవి కొంచెం మందం. దాచాను, అది నా తప్పు. మిగతా తప్పు గదిది. పది నిమిషాలు వీటిని ఉండనివ్వండి. అప్పటికీ రాయలేకపోతే నేనే కిందికి వెళ్ళిపోతా."

ఆఫీసరు వాటివైపు అనుమానంగా చూస్తూ డిక్టేషను మొదలుపెట్టాడు. రెండో వాక్యంలోనే ఆగిపోయాడు. ఇన్నేళ్ళుగా ఆ గదిలో అరుస్తూ వచ్చినాయనకి తన గొంతు మామూలుగా వినిపించడం అదే మొదటిసారి. గొంతు తగ్గించి చివరిదాకా చెప్పాడు. స్టెనోగారి కాగితంలో రెండే తప్పులు. పరీక్ష గట్టెక్కింది. "ఆ రెండూ కిటికీ పక్క మూలవి," అన్నాడు చప్పట్లాయన గుమ్మంలోంచి.

ఎనిమిదిలో ఐదింటిని ఆఫీసరు తిరిగి ఇవ్వలేదు. ఆ నెల జీతం రాగానే స్టెనోగారు చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళింది, వస్తూ దారిలో ఒక ముల్లు కొంది. ఆ సాయంత్రం మధ్యగదిలో రెండేళ్ళ తర్వాత పాట మోగింది. ఆయన కళ్ళు మూసుకుని, పాట అయ్యేదాకా ఒక్క చప్పటా కొట్టలేదు.

మూడు చట్రాలే మిగిలాయి కాబట్టి ఆ రెండో గొంతు మళ్ళీ కొంచెం కొంచెంగా ఇంటికి చేరింది. మర్నాడు దీపం వేయడానికి వెళ్ళిన స్టెనోగారికి వెనకనుంచి అది వినిపించింది. ఈసారి ఆవిడ తిరిగి చూడలేదు.

"వచ్చావా?" అంది.

"వచ్చావా?" అంది గది.

వీధిగదిలోంచి ఠాప్‌మని ఒక చప్పట. "ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అన్నాడాయన, మొదటిసారి గొంతులో కాస్త వణుకుతో.