రెడ్డెప్ప చేలో లేచిన పొగ

ఎవరికైనా దయ్యం పట్టిందంటే, "ముందు కడుపునిండా అన్నం పెట్టండి, నీరసం అయ్యుంటుంది" అనే రకం నేను. ఇప్పటికీ దయ్యాలు ఉన్నాయని అనడం లేదు. జరిగింది చెబుతున్నాను, అంతే.

రెండువేల దశకం మొదట్లో మా తమ్ముడు మురళి బెంగళూరులో పారాగ్లైడింగ్, అంటే పెద్ద గుడ్డరెక్కను బెల్టులతో ఒంటికి కట్టుకుని కొండ మీంచి ఎగరడం, నేర్చుకుని వచ్చాడు. ఇక హార్స్లీ హిల్స్ నుంచి పుంగనూరు దాకా కొండలన్నీ గాలించడమే పని. అమ్మ ఏడ్చి మొత్తుకుంటే వాడి వెంట నేను పోక తప్పలేదు. జీపు నడిపేదాన్ని, వాణ్ని తిట్టేదాన్ని.

చివరికి పుంగనూరు దగ్గర ఒక కొండ ఎంచుకున్నాడు. పైన రాళ్ళు లేని వాలు, కింద దిగడానికి రెడ్డెప్ప అనే రైతు బీడు చేను. చుట్టూ టమోటా తోటలే. పైనుంచి పచ్చగా మెత్తగా కనిపిస్తాయి గానీ, మొక్కలకు నాటిన కట్టెల మీద దిగితే ఒళ్ళు జల్లెడే!

గాలి తెలుసుకోవడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. పైన పొదకు రిబ్బన్ కడతాం. కింద రెడ్డెప్ప తడి చెత్తకు నిప్పంటించి పొగ పెడతాడు. రెండూ కొండవైపు వాలితే ఎగరొచ్చు. కొండ వెనక నుంచి గాలి వీస్తే మాత్రం, అంచు దగ్గర సుడి తిరిగి రిబ్బన్‌ను ఎదురుగాలిలాగే ఆడిస్తుంది. ఆ మోసం పొగను చూస్తేనే బయటపడుతుంది.

ఆ రోజు రెడ్డెప్ప టమోటాలతో మదనపల్లె మార్కెట్ యార్డుకు పోయాడు. పొగ పెట్టేవాళ్ళు లేరు.

"రిబ్బన్ బాగానే ఆడతాండాది కదక్కా. ఈ పొద్దుకు చాల్లే," అని మురళి బెల్టులు బిగించుకున్నాడు. నేను కింది చేనివైపే చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు కింద చేలో పొగ లేచింది. తెల్లగా, నిటారుగా.

"సూడు, రెడ్డెప్ప వచ్చేసినాడు!" అని నవ్వాడు. అంతలోనే పొగ వంగింది. కొండవైపు కాదు, అవతలికి.

"ఆగరా! బెల్టు తియ్ ముందు!"

"ఏందక్కా నీ గోల..."

"అమ్మకు నేనేం జవాబు చెప్పాలరా?" అని చొక్కా పట్టుకున్నాను. గొణుక్కుంటూ తీశాడు.

కాసేపటికే వెనక నుంచి గాలి కొట్టింది. నేల మీద పరిచిన రెక్క బెల్టులతో సహా అంచు దాటిపోయి, కింది బండల మీద పడి చీలిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

రెడ్డెప్పకు దణ్ణం పెట్టుకుందామని నేరుగా చేనికి పోయాం. ఎవరూ లేరు. బూడిద లేదు, కాలిన వాసన లేదు, ఒక్క గడ్డిపరకా కమిలి లేదు. మురళి మోకాళ్ళ మీద కూర్చుని నేల తడుముతూనే ఉన్నాడు. పక్క తోటల్లోనూ వెతికాం.

సాయంత్రం ఖాళీ పెట్టెలతో రెడ్డెప్ప వచ్చాడు.

"పొగ యాడిదమ్మా? పొద్దుట్నించీ యార్డులోనే ఉండాను. మా ఇంటామె గూడా నాతోనే వచ్చినాది," అన్నాడు.

దుమ్ము లేచి ఉంటుందని చాలామంది అన్నారు. దుమ్ముకూ పొగకూ తేడా తెలియని వాళ్ళమా మేము? ఇద్దరం చూశాం.

మురళి కొత్త రెక్క కొని మళ్ళీ ఎగురుతున్నాడు. వద్దని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. ఆ పొగ ఎవరు పెట్టారో ఈనాటికీ నాకు తెలియదు. తెలిస్తే వాళ్ళ కాళ్ళ మీద పడి ఒక్కటే అడుగుతాను, ఇంకోసారి కూడా పెడతారా అని.