తుంటిలో ఏమీ లేదు

1987 డిసెంబరులో మెల్‌బోర్న్‌లోని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు నన్ను ఫిజియోథెరపిస్టుగా తీసుకుంది. క్లబ్బు పేరు రాయను. అప్పటివాళ్లు కొందరు ఇంకా ఉన్నారు. నేను అప్పటికే ఒక ప్రభుత్వాసుపత్రి ఎముకల వార్డులో పనిచేస్తున్నాను. క్లబ్బు పని పూర్తికాలపు ఉద్యోగం కాదు. మంగళ, గురువారాల్లో సాయంత్రం ప్రాక్టీసుకు, శనివారం మ్యాచ్‌కు హాజరు కావాలి. నా పేరు దైవసహాయం. నియామకపత్రం చేతికిచ్చినాయన దాన్ని రెండుసార్లు పలకబోయి, మూడోసారికి "డేవ్" అని తేల్చేశాడు. అక్కడున్నన్నాళ్లూ నేను డేవ్‌నే.

ఇప్పుడు మేముంటున్న మెల్‌బోర్న్ శివారులో మనవాళ్ల పిల్లలు కనబడితే, "అంకుల్, ఫుటీ ప్లేయర్స్‌తో పనిచేశారంట కదా, రియల్లీ?" అని అడుగుతుంటారు. వాళ్లకు కావలసింది గొప్ప ఆటగాళ్ల కబుర్లు. నాకు ముందుగా గుర్తొచ్చేది మాత్రం మా క్లబ్బు వదిలేసిన ఒక ఆటగాడు.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఇక్కడివాళ్లు ఫుటీ అని పిలుచుకునే ఈ ఫుట్‌బాల్‌లో బంతి కోలగా ఉంటుంది. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు. దూరం నుంచి తన్నిన బంతిని నేల తాకకముందే పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు; పట్టినవాడు ఎవరి అడ్డూ లేకుండా తీరిగ్గా తన్నుకోవచ్చు. గోలు ముందు నిలబడి మార్కులు పట్టే పొడగరి ఫార్వర్డ్. అతన్ని పట్టనివ్వకుండా చూసేవాడు డిఫెండర్. ఏటా సీజన్ అయిపోయాక క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. అట్టడుగున మిగిలిన జట్టుకు మొదటి వంతు. ముందు వంతుల్లో తీసుకున్న ఆటగాడి మీద క్లబ్బుకు ఆశ ఎక్కువ. అతన్ని ఏరి తెచ్చిన అధికారి పరువు కూడా అతని మీదే ఆధారపడి ఉంటుంది.

1988 సీజన్‌లో మా జట్టు చాలా కిందనే ఆగిపోయింది. ఆ డ్రాఫ్ట్‌లో మాకు ముందు వంతు వచ్చింది. ఆటగాళ్లను వెతికే బాధ్యత లెస్ అనే ఆయనది. పూర్వం తానూ ఆడినవాడే. విక్టోరియా వాయవ్యాన గోధుమ పండించే మాలీ ప్రాంతం నుంచి క్రెయిగ్ అనే పొడగరిని తెచ్చాడు. ఇక పదేళ్లపాటు ఫార్వర్డ్ కోసం వెతకక్కర్లేదని కమిటీకి మాట ఇచ్చాడు.

ప్రాక్టీసులో క్రెయిగ్‌కు వంక పెట్టడానికి లేదు. శనివారం వచ్చేసరికి బంతి చేతుల్లో నిలిచేది కాదు. తొలి సీజన్ సగంలో అతన్ని రిజర్వు జట్టుకు దింపారు. రిజర్వుల మ్యాచ్ అదే మైదానంలో, అసలు మ్యాచ్‌కు ముందు జరిగేది. అప్పటికి గ్యాలరీల్లో ఆటగాళ్ల తల్లిదండ్రులు, మాంసం కూరిన పైలు అమ్మే దుకాణం తెరిచేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. 1990లో అతను ఆడిందంతా అక్కడే.

క్లబ్బుల్లో ఒక ఆనవాయితీ ఉంది. చివరి వంతుల్లో వచ్చినవాడు ఆడకపోతే ఎవరూ కారణం వెతకరు. సెప్టెంబరులో ఒక ఫోను చేసి పంపించేస్తారు. ముందు వంతులో వచ్చినవాడు ఆడకపోతే ఫిజియో దగ్గరికి తెస్తారు. కళ్లు చూపిస్తారు, రక్తం తీయిస్తారు, పాదాల అచ్చులు తీయిస్తారు. ఎంపిక తప్పయిందన్న మాట ఎవరి నోటా రాకూడదు. ఒంట్లో ఏదో ఉండి తీరాలి. నేను పనిచేసినన్నాళ్లూ ఇది మారలేదు.

క్రెయిగ్ విషయంలో దీనికి ఒక ఆధారమూ దొరికింది. ఆ చలికాలంలో అతనికి గజ్జ కండరం పట్టేసింది. నేనే చికిత్స చేశాను, త్వరగానే తగ్గింది. కానీ అప్పటినుంచి అతను బంతి జారినప్పుడల్లా కుడి తుంటి మీద చెయ్యి వేసుకునేవాడు. లెస్ దాన్ని గమనించాడు.

సీజన్ ముగిసేలోపు ప్రతి ఆటగాడి మీద నేనొక నివేదిక రాయాలి. దాన్ని బట్టి క్లబ్బు డాక్టరు సంతకం చేస్తాడు, కోచ్, కమిటీ కూర్చుని ఎవరు ఉండాలో ఎవరు పోవాలో తేలుస్తారు. లెస్ నా గదికి వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు.

"డేవ్, ఆ తుంటి గురించి కాస్త గట్టిగా రాయి మేట్. దీర్ఘకాలపు గాయం అను. కమిటీ ఇంకో ఏడాది ఉంచుతుంది."

పరీక్ష చేసి రాస్తానన్నాను.

"పరీక్ష చెయ్యి, ఎవడొద్దన్నాడు? ఏం దొరకాలో గుర్తుంచుకో, అంతే," అని నవ్వి వెళ్లాడు. చెడ్డవాడేమీ కాదు. క్రెయిగ్ మీద ఆయనకు నిజంగా అభిమానం ఉంది.

క్రెయిగ్‌ను మంగళవారం అందరికన్నా ముందే రమ్మన్నాను. గజ్జను, తుంటిని చూసే పద్ధతి చాలా మామూలుది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ల మధ్య పిడికిలి పెట్టి, గట్టిగా నొక్కమనాలి. గాయం ఉంటే నొక్కలేడు. క్రెయిగ్ మెల్లగా నొక్కి, మొహం ముడుచుకుని ఆపేశాడు. నేను పిడికిలి తీయకుండా, ఈసారి మీ పొలంలో పంట ఎలా ఉందని అడిగాను. వాళ్ల హార్వెస్టరు సంగతి ఎత్తుకున్నాడు. కిందటి కోతల్లో దాని బెల్టు తెగితే వాళ్ల నాన్న ఎలా తిట్టుకుంటూ పొలమంతా తిరిగాడో చెబుతూ నవ్వాడు. ఆ నవ్వులో మోకాళ్లు రెండూ నా పిడికిలిని నలిపేశాయి. నేను చెయ్యి లాక్కుని విదిలించుకున్నాను. అతనికి సంగతి అర్థమైంది. నవ్వు ఆపేశాడు.

అతను నటిస్తున్నాడని నేను అనుకోలేదు. నొప్పి ఉందని నమ్మడం అప్పుడతనికి అవసరం. అయినా నా చేతి మీదే ఆధారపడకుండా బోన్ స్కాన్‌కు పంపాను.

క్లబ్బు స్కాన్‌లు చూసే రేడియాలజిస్టు డాక్టర్ రహీం. హైదరాబాదువాడు. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల తెలుగు మాట వినబడటమే అరుదు కాబట్టి, ఫిల్ములు తీసుకోవడానికి నేనే వెళ్లేవాణ్ని. ఆయన ఫిల్మును లైటు పెట్టెకు తగిలించి ఇటూ అటూ చూశాడు.

"ఏంది భాయ్, ఈ పోరనికి నొప్పి ఏడ?"

"కుడి తుంటి అంటున్నాడు."

"ఎముక ఎట్లుండాల్నో అట్లనే ఉన్నది. పుస్తకంల బొమ్మ లెక్క. నీకు గాయమే కావాల్నంటే వేరే దుకాణం చూస్కో, మా దగ్గర స్టాక్ లేదు."

నేను సంగతి చెప్పాను. ఆయన ఫిల్ము కవరులో పెడుతూ, "మంచి ఎముక దొరికినందుకు ఫికర్ చేసే డిపార్టుమెంటు మీదొక్కటే," అన్నాడు.

గురువారం ప్రాక్టీసుకు ముందు క్రెయిగ్ తనంతట తానే వచ్చాడు. తలుపు మూసి నిలబడ్డాడు. స్కాన్ శుభ్రంగా ఉందని చెప్పాను. అతని మొహంలో కనబడింది సంతోషం కాదు.

"డేవ్, తుంటి అనే రాయి. ఊళ్లో గోధుమ లారీలు బరువు తూచే చోట మా నాన్న నా తుంటి పాడైందని అందరికీ చెప్పేశాడు. ఏమీ లేదని ఇప్పుడు ఏ మొహంతో చెప్పమంటావు? ఆట రాదని చెప్పాలా?"

ఈ వృత్తిలో అందరికీ తెలిసి, ఆటగాళ్లకు తెలియని విషయం ఒకటి అతనికి చెప్పాను. ఒక క్లబ్బు వదిలేసిన ఆటగాణ్ని ఇంకో క్లబ్బు తీసుకోవాలనుకుంటే, ముందు ఫోను వచ్చేది ఫిజియోకు. ఎలా ఆడతాడని వాళ్లు నన్ను అడగరు. ఆ కోచ్‌కు చేతకానిది నాకు చేతనవుతుందని ప్రతి కోచ్‌కూ నమ్మకమే. ఆట బాగాలేకపోవడం వాళ్లకు లోపంగా కనబడదు, చవకగా దొరికిన అవకాశంలా కనబడుతుంది. దీర్ఘకాలపు తుంటి గాయం అని కాగితం మీద కనబడితే మాత్రం ఫోను పెట్టేస్తారు. తుంటిని బాగుచేయగలనని ఏ కోచ్ అనుకోడు. ఈ ఏడాది నేను గాయమని రాస్తే ఇక్కడ ఒక్క ఏడాది దక్కుతుంది. ఆ తర్వాత ఎక్కడా ఏమీ మిగలదు.

"ఇంకో క్లబ్బు ఎవడిక్కావాలి? నాకు ఇదే కావాలి," అన్నాడు.

ఇక్కడ ఉంచడం, తీసేయడం నా చేతిలో లేవన్నాను. "నీ చేతిలో ఉన్నది కూడా చెయ్యవు," అని తలుపు విసురుగా తీసుకుని వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లి మా ఆవిడ సుగుణకు చెప్పాను. ఆమె నర్సు, మా ఊరిలాగే వాళ్లదీ గుంటూరు పక్కనే. అన్నం వడ్డిస్తూనే మాట్లాడింది.

"ఏవండీ, మా వార్డులో ఒకావిడకి పెన్సిలిన్ పడదని ఎవరో ఎప్పుడో చార్టులో రాసిపెట్టారు. నాకు పడుద్ది మొర్రో అని ఆవిడ మొత్తుకుంటంది. కొట్టెయ్యటానికి ఒక్క డాక్టరూ పెన్ను తియ్యడు. రాసేదాకే మీ చేతిలో ఉండేది."

"మరి అతని ఉద్యోగం పోతుందే?"

"పోద్ది. ఒళ్లు బాగుంది కదా, ఇంకోటి చూసుకుంటాడు. ముందా చారు పోసుకోండి."

మర్నాడు నివేదిక రాశాను. చలికాలంలో గజ్జ కండరం పట్టేసింది, పూర్తిగా తగ్గింది, ప్రస్తుతం ఆటకు అడ్డువచ్చే గాయమేదీ లేదు. స్కాన్‌లో లోపం కనబడలేదు. ఆటతీరు గురించి ఒక్క మాటా రాయలేదు. డాక్టరు చదివి సంతకం పెట్టాడు.

లెస్ కాగితం పట్టుకుని వచ్చాడు. "నిన్ను పెట్టుకుంది కాళ్లకు టేపు చుట్టడానికి డేవ్, తీర్పులు చెప్పడానికి కాదు," అన్నాడు. తీర్పు నేను చెప్పలేదని, అతను మంచి ఆటగాడో కాదో నాకు తెలియదని జవాబిచ్చాను. "తెలియని సంగతి ఎంత శుభ్రంగా రాశావో!" అన్నాడు. ఆ తర్వాత చాలా నెలలు మా మధ్య పనిమాటలే.

కమిటీ క్రెయిగ్‌ను తీసేసింది. కోచ్ అతనికి ఫోను చేసి చెప్పాడు. క్రెయిగ్ బూట్లు తీసుకోవడానికి వచ్చినప్పుడు నా గది తలుపు తెరిచే ఉంది. అతను లోపలికి చూడకుండా వెళ్లాడు. ఆ రోజు డైరీలో వాతావరణం రాసి, కింద "క్రెయిగ్ వెళ్లాడు" అని మాత్రం రాసుకున్నాను. అప్పటికి నేను చేసింది అతనికి మేలో కీడో చెప్పగలిగే స్థితి నాకు లేదు.

కొన్ని వారాలకు మరో క్లబ్బు ఫిజియో ఫోను చేశాడు. "మీ పొడగరి మీద మావాళ్లకు ఆసక్తి ఉంది. కానీ తుంటి పోయిందని అతని ఊళ్లోనే చెప్పుకుంటున్నారట. నిజం చెప్పు, మేట్." వాళ్ల నాన్న చెప్పిన మాట అక్కడినుంచి ఇక్కడిదాకా నడిచి వచ్చింది. గాయమేమీ లేదన్నాను. ఫిల్ములు, నివేదిక పంపగలవా అన్నాడు. ఆటగాడి అనుమతి లేకుండా పంపకూడదు. అడిగి చెబుతానన్నాను.

వాళ్లింటికి ఫోను చేస్తే తండ్రి ఎత్తాడు.

"మావాడికి ఏమీ లేదని రాసింది నువ్వేనా?"

"నేనే."

"ఊళ్లో నేను అబద్ధాలకోరునని తేల్చావు."

ఎందుకు చేశానో చెప్పాను. అవతలి క్లబ్బు అడిగింది చెప్పాను. ఆయన ఫోను పక్కకు పెట్టి కేకేశాడు: "ఒరేయ్, ఇటు రా. ఆ ఫిజియోగాడే. నీ తుంటి అడుగుతున్నాడు, బాగుందని చెప్పు."

క్రెయిగ్ వచ్చాడు. "పంపించు," అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఫిల్ములు వెళ్లాయి. సీజన్ మొదలయ్యే ముందు జరిగే చిన్న డ్రాఫ్ట్‌లో ఆ క్లబ్బు అతన్ని చివరి వంతుల్లో తీసుకుంది. గోలు ముందు నుంచి తీసేసి డిఫెండర్‌గా నిలబెట్టింది. అక్కడ బంతి పట్టాల్సిన అవసరం తక్కువ, పక్కకు కొట్టేస్తే చాలు. పెద్ద ఆటగాడు కాలేదు. పత్రికలు అతని గురించి రాయడం మానేశాయి. కానీ కొన్ని సీజన్లు అసలు జట్టులో, నిండిన గ్యాలరీల ముందు ఆడాడు. మేమిద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు.

ఆటగాణ్ని వదులుకునే హక్కు క్లబ్బుకు ఉంది. ఎందుకు వదులుకుంటున్నదో చెప్పుకోవలసింది కూడా క్లబ్బే. ఎంపిక తప్పయిందని ఒప్పుకోలేని చోట, ఆ తప్పును ఆటగాడి ఒంట్లో వెతకమని మా వృత్తివాళ్లను అడుగుతారు. అడిగేవాళ్లలో దయగలవాళ్లూ ఉంటారు, ఒక్కోసారి ఆటగాడే ఉంటాడు. ఆ తర్వాత నాతో పనిచేసిన చిన్న ఫిజియోలకు నేను నేర్పింది ఇదే: చేతికి దొరికింది రాయండి, దొరకనిది లేదని రాయండి, మీ కాగితాన్ని రేపు మీకు తెలియని మనిషి చదువుతాడని గుర్తుపెట్టుకోండి.